డేవిడ్‌గారి నీడకి సైడుకారు

రత్నమ్మ కూరగాయలు తరుక్కునేది డేవిడ్‌గారి నీడలోనే. పొద్దున పూట ఆ నీడ పడమటి గోడ మీద ఉంటుంది కాబట్టి ఆవిడ పీట గోడ పక్కన ఉంటుంది. ఎండ నెత్తి మీదికి వచ్చేసరికి నీడ బండి కిందికి ముడుచుకుపోతుంది, అప్పుడు ఆవిడ లోపలికి వెళ్ళి అన్నం తిని ఓ కునుకు తీస్తుంది. సాయంత్రానికి నీడ తూర్పున బట్టలుతికే బండ మీదికి సాగితే పీట కూడా అటు వెళ్తుంది. రత్నమ్మగారి పీట చూసి గడియారం సరిచేసుకోవచ్చని పక్కింటి కమలాదేవి అంటుండేది. మబ్బు పట్టిన రోజు మాత్రం ఆవిడకి ఏమీ తోచదు. ఆ రోజు కూరలో ఉప్పు ఎక్కువో తక్కువో అయ్యేది. కూతురు లిడియా నోరు మూసుకుని తినేసి యూనివర్సిటీకి వెళ్ళిపోయేది.

బండి ఇంగ్లండుది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక వచ్చిన రకం. ఒకటే సిలిండరు, పొడుగాటి పెట్రోలు టాంకు, స్ప్రింగుల మీద తోలు సీటు, వెనక ఇంకొకరు కూర్చోవాల్సిన చోట ఇనప చట్రం. దూరాలు తిరగడానికే చేసిన బండి. రేపల్లెలో ఉండే మిషను దొర సొంత దేశం వెళ్ళిపోతూ దాన్ని డేవిడ్‌గారికి ఇచ్చిపోయాడు. డేవిడ్‌గారు ఊరూరా తిరిగి సువార్త చెప్పేవారు. నెత్తిన సోలా టోపీ, వెనక చట్రం మీద బొమ్మలు చూపించే లాంతరు పెట్టె. కృష్ణా లంకల నుంచి ఆదిలాబాదు అడవుల దాకా ఆయన చూడని రోడ్డు లేదు. హైదరాబాదులో తార్నాకకి కాపురం మార్చాకా అంతే. వచ్చేవారు, రెండు రోజులు ఒళ్ళు తెలియకుండా పడుకునేవారు, మళ్ళీ పెట్టె కట్టేవారు. రత్నమ్మ గేటు దాకా వచ్చేది. "వచ్చేసారి నిన్నూ తీసుకెళ్తాను రత్నం," అని ఆయన ప్రతిసారీ అనేవారు. అబద్ధమాడే మనిషి కాదు పాపం. అన్నప్పుడల్లా నిజంగానే అనుకునేవారు.

ఆయన పోయి ఆరేళ్ళయింది. బండి అప్పట్నుంచి వాకిట్లోంచి కదల్లేదు. టైర్లు నేలకి అంటుకుపోయాయి. నీడ మాత్రం ఆయన ఎక్కి కూర్చున్నట్టే పడుతుంది. టోపీ, కొంచెం వంగిన వీపు, హ్యాండిలు మీదికి చాచిన చేతులు, అన్నీ ఉంటాయి. చర్చి పెద్దలు గేటు తీస్తూనే గోడ వైపు తిరిగి "వందనాలు అయ్యగారూ" అనేసి లోపలికి వచ్చేవారు. పోస్టుమాన్ తన సైకిలు అక్కడ ఆపేవాడు కాదు, ఆయనకి అడ్డమవుతుందని.

లిడియాకి ముప్పై ఎనిమిది. ఇంజనీరింగ్ కాలేజీ వర్క్‌షాపులో స్టోర్సు క్లర్కు. కుర్రాళ్ళకి పానాలు, ఆకురాళ్ళు ఇవ్వడం, సాయంత్రం తిరిగి తీసుకుని కడిగించి పెట్టడం ఆమె ఉద్యోగం. పెళ్ళి మాట ఎత్తేవాళ్ళు ఎత్తడం మానేశారు. తండ్రి మీద ఆమెకి ప్రేమ ఉంది కానీ బండి మీద లేదు. చిన్నప్పుడు ఆ బండి చప్పుడు వినబడిందంటే నాన్న వెళ్ళిపోతున్నాడని అర్థం. అదే చప్పుడుతో తిరిగి వచ్చేవాడు కూడా, అయినా ఆమెకి వెళ్ళిపోయిన చప్పుడే గుర్తు.

తొంభై నాలుగు క్రిస్మస్ ముందు రోజు రత్నమ్మ కొత్త జాకెట్టు వేసుకోబోయి ఎడమ చెయ్యి ఎత్తలేకపోయింది. లిడియా సాయం చేయబోతే చంక పక్కన, రొమ్ము మీద, గడ్డ ఒకటి చేతికి గట్టిగా తగిలింది.

"ఎప్పట్నుంచమ్మా ఇది?"

"ఎప్పట్నుంచో," అంది రత్నమ్మ, ఇంట్లో పిల్లి గురించి అడిగినట్టు.

కమలాదేవి వెళ్ళి వీధి మొదట్లో ఉన్న డాక్టరమ్మని ఇంటికే పిలుచుకొచ్చింది. ఆవిడ చూసి, మొహంలో ఏమీ కనబడనివ్వకుండా చేతులు కడుక్కుని, పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చింది. ఆలస్యం చేయొద్దని లిడియాకి విడిగా చెప్పింది. రత్నమ్మ పీట మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ అంతా వింది.

"మీ నాన్న తీసుకెళ్తే వెళ్తాను," అంది.

అంతే, ఇక ఆ మాట మీదే కూర్చుంది. లిడియా బతిమాలింది, కోప్పడింది, అన్నం మానేసింది. కమలాదేవి వచ్చి, "ఆటోలో అరగంట రత్నమ్మగారూ, నేనూ తోడొస్తాను," అంది. పాస్టరుగారు ప్రార్థన చేసి మరీ చెప్పారు. రత్నమ్మ అందరికీ టీ ఇచ్చి, నవ్వి, గోడకేసి చూసేది. అది భయమని లిడియాకి తెలుసు. తార్నాక వచ్చిన ఇరవై రెండేళ్ళుగా చర్చి దాటి, కూరగాయల కొట్టు దాటి అడుగుపెట్టని మనిషి. ఇంకో ఇంట్లో అయితే ఎత్తి ఆటోలో కూర్చోబెట్టేవాళ్ళు. ఈ ఇంట్లో అయ్యగారిని కాదని ఏ పనీ చేసే అలవాటు లేదు. ఆయన ఉన్నప్పుడూ లేదు, పోయాకా లేదు. అందుకని లిడియా, చదువుకున్న మనిషే, ఉద్యోగం చేస్తున్న మనిషే, తల్లిని ఆటో ఎక్కించడం మానేసి బండి బాగు చేయించడానికి పూనుకుంది.

వారాసిగూడలో పాత బళ్ళు చూసే మెకానిక్కు బుచ్చిరాములు. యాభై ఏళ్ళుంటాయి. వాకిట్లోకి వచ్చి ముందు గోడకి "సలాం సారూ" పెట్టి, తర్వాత బండి పక్కన గొంతుకూర్చుని కిక్కు రాడ్డు నొక్కి చూశాడు. అది రాయిలా ఉంది.

"ఇంజను జామయింది మేడం. సిలిండరు బోరు కొట్టియ్యాలె. పిస్టను అయితే గీడ దొరకది. ఎక్కడన్న పాత మాల్ చూడాలె."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"గది నన్నడుగుతే ఏం చెప్త? దొరికిన్నాడు దొరుకుతది." బీడీ తీసి, నీడని చూసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "గని అమ్మ ఏడ కూసుంటది? ఎనక సీటే లేదు గదా."

"పక్కన సైడుకారు పెడదాం."

బుచ్చిరాములు బండిని, లిడియాని మార్చి మార్చి చూశాడు. లిడియా అయిదడుగులు కూడా ఉండదు. "నడిపేది ఎవరు?"

"నేనే."

"ఏంది మేడం," అన్నాడు గానీ కాదనలేదు. ఇంజను ఒక్కటీ ఊడదీసి రిక్షాలో వేసుకుని వెళ్ళాడు. మిగతా బండి వాకిట్లోనే ఇటుకల మీద నిలబడింది. దాన్ని విప్పి తనకి అందేలా బిగించుకునే పని లిడియా తనే పెట్టుకుంది.

దాని నట్లకి ఇప్పటి పానాలు పట్టవు. అన్నీ పాత ఇంగ్లీషు కొలతలు. వర్క్‌షాపు స్టోర్సులో అడుగు అరలో అలాంటి పానాల పెట్టె ఒకటి ఉందని లిడియాకి తెలుసు. ఏ కుర్రాడూ ఎప్పుడూ అడగలేదు. ప్రిన్సిపాలు దగ్గర అనుమతి తీసుకుని ఇంటికి తెచ్చుకుంది. పదిహేనేళ్ళుగా పానాలు ఇచ్చి పుచ్చుకోవడమే తప్ప ఒక్క నట్టు తిప్పి ఎరగదు. మొదటి నట్టుకి అరచెయ్యి చీరుకుపోయింది. రెండో ఆదివారం అది కిర్రుమని కదిలినప్పుడు మాత్రం ఆమె నడిరోడ్డు దాకా వినబడేలా కేక పెట్టింది. ఆ ఏడాదిలో ఆమె సంతోషించిన సందర్భాలు రెండో మూడో, అందులో ఇదొకటి.

ఇక్కడిదాకా బాగానే ఉంది. చిక్కంతా ఆ తర్వాత వచ్చింది.

బండి డేవిడ్‌గారి కొలతల్లో ఉంది. ఆయన ఆరడుగుల మనిషి. సీటు మీద కూర్చుంటే లిడియా కాళ్ళు గాల్లో వేలాడేవి. హ్యాండిలు అందుకోవాలంటే టాంకు మీద బోర్లా పడాలి. ఇంకో సంగతి, ఆమె ఎక్కి కూర్చున్నా గోడ మీద నీడ ఆయనదే పడేది. ఆమెది పడేది కాదు. దాని గురించి ఎవరూ ఏమీ అనుకోలేదు. సీటు ఆయనది కదా. హ్యాండిలుని ఓ జానెడు వెనక్కి వంచి బిగించిన సాయంత్రం మాత్రం రత్నమ్మ బండ దగ్గర తరుగుతున్న వంకాయ పక్కన పెట్టేసింది.

"అమ్మాయ్, అటు చూడు. మీ నాన్న మోచేతులు పొట్టలో గుచ్చుకుంటున్నాయి."

నిజమే. బండ మీద నీడ చేతులు మడుచుకుని, బస్సులో ముగ్గురి సీటులో నలుగురు కూర్చున్నప్పుడు నాలుగోవాడిలా ముడుచుకుపోయి ఉంది. రత్నమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు. లిడియా మర్నాడు పనికి వెళ్ళే ముందు హ్యాండిలు మళ్ళీ ముందుకి జరిపింది. సీటు ఊడదీసినప్పుడు ఆయన గాల్లో కూర్చున్నారు. దాన్ని చూడలేక రత్నమ్మ మూడు రోజులు కళ్ళొత్తుకుంటూనే ఉంది. లిడియా సీటు తిరిగి పెట్టింది. కాళ్ళు పెట్టుకునే కడ్డీలు పైకి జరిపితే ఆయన మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి. వాటినీ కిందికి దించింది. ఒక పని చేయడం, ఓ వారం ఏడుపు, మళ్ళీ విప్పడం. ఇలా ఈస్టరు ముందు వచ్చే నలభై రోజుల శ్రమల కాలం గడిచింది, మంచి శుక్రవారం వచ్చి వెళ్ళింది. రత్నమ్మ ఎడమ చెయ్యి వాచింది. పీట లాక్కోవడం ఆవిడకి చేతకాకుండా పోతే కమలాదేవి గోడ ఇవతలికి వచ్చి జరిపి వెళ్తుండేది.

ఈస్టరు దాటాక పిస్టను దొరికింది. బుచ్చిరాములు ఇంజను తెచ్చి బిగించాడు. సైడుకారు కూడా అతనే చేశాడు. ఎవరి సామాన్ల కొట్లోంచో చట్రం తెచ్చి, రేకు వంచి, ముందు చిన్న అద్దం పెట్టి, ఎడమ పక్కన కలిపాడు. లోపల మెత్త లిడియా కుట్టింది. నీలం రంగు వేసింది. రత్నమ్మ దాని అంచు చేత్తో నిమిరి, "ఇంత వెడల్పు ఎందుకే? నేనేమంత ఉన్నాను?" అంది. మొహం మాత్రం వెలిగిపోయింది. నీడలో కూడా సైడుకారు పడింది, ఖాళీగా, ఆయన పక్కనే.

ఇంజను మోగిన రోజు వీధంతా వచ్చింది. హ్యాండిలు కింద ఉన్న చిన్న మీట నొక్కి పట్టుకుని, కిక్కు మెల్లగా దించి, మీట వదిలి అప్పుడు బలంగా తన్నాలి. బుచ్చిరాములు చూపించాడు. లిడియా తన్నగా తన్నగా బండి ఒక్కసారి దగ్గి, మొరాయించి, చివరికి దడదడమని అందుకుంది. గోడ మీద డేవిడ్‌గారి వీపు నిటారయింది. రత్నమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"రేపు ఆసుపత్రికి వెళ్దామా అమ్మా?" అని లిడియా అక్కడే అడిగింది.

అడ్డం పడింది బుచ్చిరాములు. "ఆగుండ్రి. కొత్త పిస్టను. రన్నింగ్ ఇన్‌ల ఉన్నది. నెలన్నర దాంక మెల్లగ తిప్పాలె, ఒక్కలే. మనిషిని ఎక్కియ్యొద్దు, గట్టిగ కొట్టొద్దు. దౌడు దీస్తిరా, మళ్ళ పట్టేస్తది. గప్పుడు నేను గూడ ఏం చెయ్యలేను."

నెలన్నర. లిడియా తల్లి చెయ్యి చూసింది, ఇంజను చూసింది. ఇన్ని నెలలు ఆగినదానికి ఇంకో నెలన్నర అనుకుంది. మనిషి మునిగిపోయేటప్పుడు అలాంటి లెక్కే వేసుకుంటాడు కాబోలు.

అప్పట్నుంచి రోజూ సాయంత్రం ఆఫీసు అయ్యాక ఖాళీ సైడుకారుతో క్యాంపస్‌లో తిరిగేది. తార్నాక గేటు, ఇంజనీరింగ్ కాలేజీ, లైబ్రరీ, ఆర్ట్స్ కాలేజీ ముందు చుట్టు, మళ్ళీ వెనక్కి. నడిచేవాడు పరిగెత్తితే దాటేసే వేగం. మెట్ల మీద కూర్చున్న పరిశోధక విద్యార్థులు "వచ్చిందిరా చర్చి విమానం" అని చప్పట్లు కొట్టేవారు. ఎండ వాలేసరికి రోడ్డు మీద నీడ బారెడు సాగేది. టోపీ పెట్టుకున్న పొడుగాటి మనిషి హాయిగా బండి తోలుకుంటూ పోతున్నట్టుండేది. లిడియా ఎంత వెతికినా ఆ రోడ్డు మీద లిడియా లేదు. నీడలు చెట్లకున్నాయి, కుక్కలకున్నాయి, కరెంటు స్తంభాలకున్నాయి. చేతులు నొప్పి, నడుము నొప్పి, పెట్రోలు వాసన అన్నీ తనవి, నీడ మాత్రం నాన్నది. ఒకరోజు లైబ్రరీ వెనక బండి ఆపి, అక్కడే తలవంచుకుని చాలాసేపు ఏడ్చింది.

నెలన్నర కావస్తుండగా తార్నాక చౌరస్తాలో గండం తప్పింది. సైడుకారు బండిని ఎడమకి లాగుతుంది, దాన్ని పట్టి ఉంచాలంటే చేతుల్లో బలం ఉండాలి. వేళ్ళ కొసలకి అందిన హ్యాండిలుకి బలం ఎక్కడిది? సిటీ బస్సు బంపరు సైడుకారు రేకుని రాసుకుంటూ పోయింది. బుచ్చిరాములు వచ్చి ఆ గీత చూసి, అప్పటిదాకా లేనంత కోపంగా అన్నాడు.

"సారు కోసం బండి ఉంచుతరా, అమ్మని దవఖానకి తీస్కపోతరా? రెండూ కావు మేడం. గీ సీటు మీద కూసుండి అమ్మని ఎక్కిస్తే ఇద్దరూ బస్సు కింద ఉంటరు."

జూన్ వచ్చింది. మబ్బులు పట్టాయి. వారం రోజులు ఎండ పొడ లేదు, వాకిట్లో నీడ లేదు. రత్నమ్మ లోపల మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉండేది. లిడియాకి అదే అదను. ఆయన కనబడని ఆ వారంలోనే సీటు స్ప్రింగులు కోయించేసింది, హ్యాండిలు వెనక్కి లాగి బిగించింది, కాళ్ళ కడ్డీలు పైకి ఎత్తింది. ఎవరూ చూడకుండా దొంగతనం చేసినట్టే చేసింది. కూర్చుంటే మొదటిసారి రెండు పాదాలూ నేలకి ఆనాయి. చేతులు వాటంతటవే పట్టు మీదికి వెళ్ళాయి. బండి ఇప్పుడు తనకి సరిపోయిందని ఆమెకి తెలిసింది, దానికి తల్లికి ఏం సమాధానం చెప్పాలో తెలియలేదు.

ఒక పొద్దున తెరిపిచ్చింది. ఎండ వచ్చిందని కమలాదేవి గోడ మీంచి కేకేసింది. రత్నమ్మ అప్పటికే లేచి, నెలన్నర నిండిందని లెక్కపెట్టుకుని, తెల్ల చీర కట్టుకుని, బైబిలు సంచిలో పెట్టుకుని కూర్చుంది. ఎలాగోలా గుమ్మం దిగి వాకిట్లోకి వచ్చి పడమటి గోడ చూసింది.

సీటు ఖాళీగా ఉంది. డేవిడ్‌గారు సైడుకారులో కూర్చున్నారు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, కాళ్ళు బార్లా చాపుకుని, తీరుబడిగా వెనక్కి వాలి ఉన్నారు.

లిడియా ఆర్నెల్లు చేసినదంతా నేలపాలయిందనుకుంది. ఇక అమ్మ లోపలికి వెళ్ళి పడుకుంటుంది, ఇక లేవదు అనుకుంది. రత్నమ్మ కదల్లేదు. గోడకేసి చూస్తూనే ఉంది.

"ఏమండీ," అంది. "అదీ మీరే తీసుకున్నారా?"

కమలాదేవి గోడ అవతల అలాగే నిలబడిపోయింది.

"రేపల్లె నుంచి వచ్చేటప్పుడు నన్నూ పిల్లనీ బస్సెక్కించి మీరు బండి మీద వచ్చారు. ఎందుకంటే పెట్టె ఉందన్నారు. భద్రాచలం వెళ్ళారు, పెట్టె ఉంది. నాగార్జునసాగరం కట్టేటప్పుడు చూపిస్తానన్నారు, పెట్టె ఉంది. వచ్చేసారి రత్నం, వచ్చేసారి రత్నం! నేను గేటు పట్టుకుని నిలబడి నిలబడి ముసలిదాన్నయ్యాను." ఆవిడ గొంతు పెరిగింది. ఆ గొంతు అంత పెరగగలదని లిడియాకి కూడా తెలియదు. "అది నా జబ్బు కోసం చేయించిన కుర్చీ అండీ. పిల్ల చేతులు చీరుకుపోయేలా చేసింది. దాంట్లోనూ మీరే కూర్చున్నారు."

నీడ కదల్లేదు. టోపీ అంచు మాత్రం కొంచెం కిందికి వాలినట్టయింది.

"లిడియా, నువ్వు ముందు ఎక్కు. నేను వెనక కూర్చుంటాను."

"వెనక ఇనప చట్రమమ్మా. పెట్టె కట్టే చోటు."

"తెలుసు. ఆ పెట్టెకంటే నేనేం బరువు కాదు."

కమలాదేవి పరుగున వెళ్ళి దిండు తెచ్చింది. చట్రం మీద దిండు పరిచి తాడుతో కట్టారు. లిడియా ఎక్కింది. గోడ మీద ఖాళీ సీటులో ఓ పొట్టి ఆడమనిషి నీడ పడింది. చెదిరిన జడ, వంచిన తల. "జడ కొంచెం సరిచేసుకో లిడియా," అంది కమలాదేవి నీడని చూసి. రత్నమ్మ పక్కకి తిరిగి కూర్చుంది. పాదాలు పెట్టుకోవడానికి సైడుకారు అంచు తప్ప ఇంకేమీ లేదు. పెట్టుకుంది. ఆయనకి తగులుతాయేమోనని చూసుకోలేదు కూడా.

క్యాంపస్ లోంచి, ఆర్ట్స్ కాలేజీ ముందు నుంచి, విద్యానగర్ మీదుగా వెళ్ళారు. రోడ్డు పొడుగునా మూడు నీడలు పక్కనే వచ్చాయి. రత్నమ్మ కుడిచెయ్యి కూతురి భుజం మీద ఉంది. గుంట వచ్చినప్పుడల్లా ఆ వేళ్ళు బిగుసుకునేవి, అబ్బా అనేది, వెంటనే "అదేమిటే, ఆ రాతి మేడ?" అని అడిగేది. ఆర్ట్స్ కాలేజీ అని లిడియా చెప్పింది. "ఇదా! నువ్వు చదివింది ఇక్కడేనా?" లిడియా చదివి పదిహేడేళ్ళయింది. ఇంటికి ఇది నడిచి వచ్చే దూరం.

ఆసుపత్రిలో డాక్టరు అరుంధతి లోపల చాలాసేపు పరీక్షించి, ఎక్స్‌రే ఫొటోలు తీయించి, మధ్యాహ్నానికి లిడియాని ఒక్కదాన్నే వరండాలోకి పిలిచింది.

"గడ్డ ఎప్పుడు చూశారు?"

"క్రిస్మస్‌కి."

"ఇది జూన్ కదమ్మా. ఇన్నాళ్ళూ ఏం చేశారు?"

"బండి బాగు చేయించాం," అంది.

అరుంధతి ఆమెని తిట్టలేదు. తిడితే బాగుండేదని లిడియాకి అనిపించింది. "అప్పుడే తెచ్చుంటే కోసి తీసేసేవాళ్ళం. ఇప్పుడు ఎముకల్లోకి పాకింది. కరెంటు పెడితే, అదే రేడియేషన్ ఇస్తే, నొప్పి తగ్గుతుంది, అంతే. ఆయుష్షు సంగతి నేను చెప్పలేను." లిడియా వరండా స్తంభం పట్టుకుని నిలబడింది. ఆ ఆర్నెల్లూ, విప్పి బిగించిన ప్రతి నట్టూ, తల్లిని బతికించడానికే అనుకుంటూ తనే చంపుకుందని ఆమెకి అర్థమైంది. ఆ మాట ఇక ఎవరు ఏం చెప్పినా మారదు.

లోపలికి వచ్చాక అరుంధతి రత్నమ్మ పక్కన కూర్చుని గట్టిగా, నెమ్మదిగా చెప్పింది. "అమ్మా, కరెంటు పెడతాం. నొప్పి తగ్గుతుంది. కానీ మీరు రోజూ రావాలి. ఆదివారం ఒక్కటే సెలవు."

"రోజూనా?" అంది రత్నమ్మ.

"రోజూనే. కష్టమే, తెలుసు. నెలన్నర పాటు."

"నెలన్నర రోజూ," అని రత్నమ్మ మెల్లగా తనలో తను అనుకుంది. ఆ తర్వాత ఏమిటని అడగలేదు. చెంగుతో మొహం తుడుచుకుంది, పెదాలు బిగబట్టింది, అయినా ఆ సంతోషం దాగలేదు. తల్లి ఇక దక్కదన్న దుఃఖం కంటే ఆ మొహం చూసిన దుఃఖమే లిడియాకి ఎక్కువైంది. ఈ ముసలావిడకి ఇంత చిన్న కోరిక ఉందని, అది తీరడానికి ఇంత జబ్బు రావాల్సి వచ్చిందని.

బయట ఎండ మండుతోంది. లిడియా తల్లిని దిండు మీద కూర్చోబెట్టి, కొంగు చక్రంలో పడకుండా దోపింది.

"వచ్చిన దారినే పోవాలా?" అంది రత్నమ్మ.

"మెట్టుగూడ మీదుగా ఇంకోటి ఉంది. చుట్టు."

"మెట్టుగూడ నేను చూడలేదు."

"మనింటి పక్కనే కదమ్మా మెట్టుగూడ!"

"పక్కనే. ఎవరు తీసుకెళ్ళారు?"

లిడియా మీట నొక్కి కిక్కు తన్నింది. రెండో తన్నుకి ఇంజను అందుకుంది. రత్నమ్మ మంచి చేత్తో ఆమె భుజం పట్టుకుంది.

"చుట్టే పోనీ," అంది. "మెల్లిగా పోనీ. నాకేం తొందర లేదు."